బైక్ క్లచ్‌ను ఇంట్లోనే విప్పి బాగు చేసుకోవడం, బలం పెంచుకోవడం

క్లచ్ జారుతోందంటే చాలామంది వెంటనే ప్లేట్ల సెట్ కొనేస్తారు. చాలాసార్లు చివరికి తేలేదీ అదే. కానీ కేబుల్ బిగుతుగా ఉన్నా, ఇంజిన్‌లో పోయకూడని ఆయిల్ పోసినా, ప్లేట్లు అరిగినప్పుడు ఎలా జారుతుందో అచ్చం అలాగే జారుతుంది. ఈ రెండిటికీ కవర్ విప్పే పనే లేదు. అందుకే స్పానర్ పట్టుకునే ముందు ఓ అరగంట పరీక్షకు కేటాయించండి.

ఇక్కడ చెప్పేదంతా ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూ పనిచేసే మల్టీప్లేట్ క్లచ్ గురించి. గేర్లున్న బైకుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. బయటి బాస్కెట్ ఇంజిన్‌తో పాటు తిరుగుతుంది, మధ్యలోని హబ్ గేర్‌బాక్స్ షాఫ్ట్‌తో పాటు తిరుగుతుంది. బాస్కెట్ గాడుల్లో రాపిడి పొర ఉన్న క్లచ్ ప్లేట్లు, హబ్ పళ్ల మీద స్టీల్ ప్లేట్లు ఒకటి విడిచి ఒకటి కూర్చుంటాయి. స్ప్రింగులు ప్రెషర్ ప్లేట్ ద్వారా వీటన్నిటినీ కలిపి నొక్కి పెడతాయి. లివర్ నొక్కితే ఆ ఒత్తిడి తొలగి ప్లేట్లు విడివడతాయి. క్లచ్ సమస్యల్లో దాదాపు అన్నీ ఆ ఒత్తిడి చాలకపోవడం వల్ల వచ్చేవి, లేదంటే అది పూర్తిగా వదలకపోవడం వల్ల వచ్చేవి.

ముందు జబ్బు ఏదో తేల్చుకోండి

జారుతోందో లేదో చూడాలంటే ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో మామూలు వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. ఇంజిన్ మోత పెరిగి వేగం దాంతో సమానంగా పెరగకపోతే జారుతున్నట్టే. ఒక్కసారి చూస్తే చాలు, పదే పదే చేస్తే మిగిలిన ప్లేట్లు కూడా కాలిపోతాయి. కింది గేర్లలో ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ బండి తేలిగ్గా వేగం అందుకుంటుంది కాబట్టి కొద్దిపాటి జారుడు తెలియదు.

రెండోది క్లచ్ వదలకపోవడం. లివర్ పూర్తిగా నొక్కి మొదటి గేర్ వేసినా బండి ముందుకు పాకుతుంది, ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ దొరకదు, గేరు పడేటప్పుడు గట్టిగా టక్‌మంటుంది. రాత్రంతా నిలబెట్టిన బండి ఉదయం మొదటి గేరుకి ఒకసారి గుంజితే కంగారు పడకండి. చల్లటి చిక్కటి ఆయిల్‌తో ప్లేట్లు అంటుకుని ఉంటాయి, ఒకటి రెండు నిమిషాల్లో విడిపోతాయి. సెంటర్ స్టాండ్ మీద గేరు వేసి క్లచ్ నొక్కినప్పుడు వెనక చక్రం మెల్లగా తిరగడం కూడా ఆయిల్ లాగుడే. బ్రేక్ కొద్దిగా తాకించగానే చక్రం ఆగిపోతే అది లోపం కాదు.

మూడోది అదురు. బండి కదిలేటప్పుడు క్లచ్ సాఫీగా అందుకోకుండా దడదడలాడుతుంది. వంకర తిరిగిన స్టీల్ ప్లేట్లు, గుంతలు పడ్డ బాస్కెట్, ఒకటి మెత్తబడి మరొకటి గట్టిగా ఉన్న స్ప్రింగులు దీనికి సాధారణ కారణాలు. అదురు వస్తే మాత్రం కవర్ విప్పక తప్పదు.

జబ్బు కనిపెట్టడానికి లివర్ ప్లే, అంటే లివర్ నొక్కినప్పుడు కేబుల్ బిగిసేదాకా వదులుగా కదిలే దూరం, అన్నిటికంటే నమ్మకమైన సూచిక. ప్లేట్లు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేట్ లోపలికి జరిగి, ప్లే తగ్గిపోతూ వస్తుంది. కేబుల్ సాగేకొద్దీ ప్లే పెరుగుతుంది. అంటే ఎవరూ ముట్టుకోకుండానే ప్లే తగ్గుతూ వచ్చి బండి జారుతోందంటే ప్లేట్లను అనుమానించాలి. ప్లే పెరుగుతూ వచ్చి గేర్లు గట్టిగా పడుతున్నాయంటే కేబుల్‌ను చూడాలి.

కవర్ విప్పకుండానే చేయాల్సినవి

లివర్ కొన దగ్గర ప్లే చాలా బండ్లలో 10 నుంచి 20 మి.మీ. మధ్య ఉండాలి. మీ బండి మాన్యువల్‌లోని అంకెదే తుది మాట. సర్దేటప్పుడు పై అడ్జస్టర్‌ను పూర్తిగా లోపలికి బిగించి, తర్వాత ఒకటి రెండు చుట్లు వెనక్కి తిప్పండి. అసలు సర్దుబాటు ఇంజిన్ దగ్గరున్న కింది అడ్జస్టర్‌తో చేసి, చివరి ఒకటి రెండు మి.మీ. మాత్రమే పైనుంచి దిద్దండి. పై అడ్జస్టర్ మరలు మొత్తం బయటికి వచ్చి కనబడుతున్న బండి మీద ఒక్క గట్టి గుంత తగిలితే చాలు, అది వంగిపోతుంది. కొన్ని ఇంజిన్లలో వీటితో పాటు క్లచ్‌ను వదిలించే రిలీజ్ రాడ్‌కు విడిగా ఒక స్క్రూ, లాక్ నట్టు ఉంటాయి. అవి ఉంటే ముందు కేబుల్ వదులు చేసి అక్కడ సర్దాలి. స్క్రూను తేలిగ్గా తగిలేదాకా తిప్పి, మాన్యువల్ చెప్పినంత వెనక్కి తీసి లాక్ నట్టు బిగిస్తారు.

హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి ప్లే మారుతోందేమో చూడండి. మారితే కేబుల్ దారి తప్పి ఎక్కడో లాగుతోంది. లివర్ దగ్గర కేబుల్ గుండు పక్కన ఒక్క తీగ పోగు తెగి కనిపించినా ఆ కేబుల్ ఇక పనికిరాదు. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కేబుళ్లలో చిక్కటి గ్రీజు వేయకూడదు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. కొత్తది వేసేటప్పుడు పాతది తీయకముందే దాని పక్కనే అదే దారిలో కొత్తదాన్ని నడిపించండి.

తర్వాత ఆయిల్. డబ్బా మీద జపాన్ వాహన ప్రమాణాల గుర్తు జాసో (JASO) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉన్నది ఈ క్లచ్‌కు పనికిరాదు. కార్ల కోసం చేసిన చాలా ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఇంజిన్‌కు అవి మేలు చేస్తాయేమో గానీ క్లచ్ ప్లేట్లకు పట్టు పోగొడతాయి. విడిగా అమ్మే ఇంజిన్ ట్రీట్‌మెంట్ మందులూ అంతే. ఆయిల్ మార్చిన వెంటనే జారడం మొదలైతే ముందు సరైన ఆయిల్ పోసి కొన్ని వందల కిలోమీటర్లు నడిపి చూడండి. కొన్నిసార్లు ప్లేట్లు కోలుకుంటాయి.

విప్పడం

కావలసినవి: 8, 10 మి.మీ. బాక్స్ లేదా టి-స్పానర్లు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది), వెర్నియర్ కాలిపర్, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకుల కట్ట), దళసరి గాజు పలక, ప్లాస్టిక్ స్క్రేపర్, కొత్త కవర్ గాస్కెట్, ఆయిల్. గాస్కెట్ చేతికి రాకముందు కవర్ ముట్టుకోకండి. పాతది చిరగకుండా రావడం అరుదు.

క్లచ్ ఎక్కువ బండ్లలో కుడి పక్కన ఉంటుంది. కొన్నింటిని సైడ్ స్టాండ్ మీద ఎడమకు బాగా వాలిస్తే ఆయిల్ అటు చేరి, దించకుండానే పని అయిపోతుంది. జారిన క్లచ్ అయితే మాత్రం ఆయిల్ దించడమే మంచిది, ఎందుకంటే కాలిన ప్లేట్ల పొడి అంతా అందులోనే ఉంటుంది. దించిన ఆయిల్‌ను నేల మీద గానీ కాలువలో గానీ పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునేచోట ఇవ్వండి.

కేబుల్ విడదీసి, కిక్ లివర్ ఉంటే తీసి, అడ్డం వస్తే బ్రేక్ పెడల్ కిందికి దించండి. కవర్ బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. పొడవాటి బోల్టు పొట్టి రంధ్రంలో బిగిస్తే ఇంజిన్ కేసు పగులుతుంది. పొట్టిది పొడవాటి చోట పెడితే రెండు మూడు మరల మీదే నిలబడి, మర పోతుంది. బోల్టులన్నీ తీశాక కవర్‌ను రబ్బరు సుత్తితో చుట్టూ తట్టండి. సందులో స్క్రూడ్రైవర్ పెట్టి పైకెత్తితే అల్యూమినియం మీద గీత పడి, తర్వాత ఎన్ని గాస్కెట్లు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. కవర్ వస్తున్నప్పుడు లోపలివైపు వాషర్లు ఏమైనా అంటుకుని వస్తున్నాయా, కవర్‌ను సరిగ్గా కూర్చోబెట్టే రెండు డోవెల్ పిన్నులు ఏ పక్కన మిగిలాయా చూసుకోండి.

స్ప్రింగ్ బోల్టులను ఎదురెదురుగా ఎంచుకుని, ఒక్కోదాన్ని అర చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. ఒకదాన్ని పూర్తిగా తీసి ఇంకోదానికి వెళ్తే ప్రెషర్ ప్లేట్ ఒక పక్కకు ఒరిగి, స్ప్రింగులు కూర్చునే స్తంభం విరగవచ్చు. విరిగితే ఆ భాగం మొత్తం మార్చాల్సిందే. ప్రెషర్ ప్లేట్ తీయగానే దాని వెనక ఉన్న రిలీజ్ బేరింగ్, పుష్ రాడ్ జాగ్రత్త. పొడవాటి రాడ్ ఉన్నవాటిలో చిన్న ఉక్కు గుండు కూడా ఉండొచ్చు, అది జారి పడితే వెతుక్కోవడం కష్టం.

ఇక్కడ రెండు రకాల అమరికలు ఉన్నాయి. ఒక రకంలో ప్రెషర్ ప్లేట్ బయటివైపు ఉంటుంది. అది తీస్తే ప్లేట్లు వరుసగా చేతికి వస్తాయి, హబ్ నట్టు ముట్టుకోనక్కర్లేదు. చాలా చిన్న ఇంజిన్లలో ప్రెషర్ ప్లేట్ లోపలివైపు ఉంటుంది, కాబట్టి మధ్యలోని నట్టో సర్‌క్లిప్పో తీసి హబ్‌తో పాటు ప్లేట్లను బయటికి లాగాలి. హబ్ తిరగకుండా పట్టుకునే టూల్ దొరికితే అదే వాడండి. ప్లేట్లు ముందే బయటికొచ్చే రకంలో టూల్ లేకపోతే టాప్ గేర్ వేసి, ఇంకొకరిని వెనక బ్రేక్ నొక్కి పట్టమనండి. హబ్ గేర్‌బాక్స్‌కు కట్టి ఉంటుంది కాబట్టి కదలదు. గేరు పళ్ల మధ్య స్క్రూడ్రైవర్లు, ఇనప ముక్కలు దూర్చడం మాత్రం వద్దు.

ప్లేట్లు ఏ వరుసలో, ఏ ముఖం బయటికి ఉండి వచ్చాయో ఒక్కొక్కటి తీస్తూనే ఫోటో తీసుకోండి. వాటిని అదే వరుసలో ఒక తీగకు గుచ్చి ఉంచండి.

కొలతలు

క్లచ్ ప్లేట్ మందం వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలవండి. చాలా బైకుల్లో కొత్త ప్లేట్ 3 మి.మీ. దగ్గర ఉంటుంది, 2.6 దగ్గరికి వస్తే మార్చాలంటారు. కచ్చితమైన హద్దు మీ మాన్యువల్‌లో ఉంటుంది. మందం సరిగ్గానే ఉన్నా రాపిడి ముఖం అద్దంలా మెరుస్తూ గట్టిపడి ఉంటే, లేదా ముక్కున పెట్టుకుంటే కాలిన వాసన గుప్పుమంటే ఆ సెట్ పని అయిపోయినట్టే. అలాంటివాటిని ఎమరీతో గీకి మళ్లీ వేస్తే కొన్నాళ్లు నడుస్తాయి, అంతే. ఒకటి రెండు ప్లేట్లే మార్చడం కూడా దండగ పని. సెట్ మొత్తం మార్చండి.

స్టీల్ ప్లేట్‌ను గాజు పలక మీద బోర్లా పెట్టి, అంచు కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. 0.2 మి.మీ. ఆకు దూరితే చాలా బండ్లకు అది హద్దు, కొన్నింటికి 0.3 వరకు ఒప్పుకుంటారు. తిరగేసి కూడా చూడాలి. నీలం రంగు మచ్చలు ఉంటే బాగా వేడెక్కిందని అర్థం. వంకర కనిపించకపోయినా మార్చేయండి. కేవలం నున్నబడిన స్టీల్ ప్లేట్‌ను గాజు మీద పరిచిన ఎమరీ కాగితంపై గుండ్రంగా రుద్ది మెరుపు పోగొట్టి, కడిగి వాడుకోవచ్చు.

స్ప్రింగులన్నీ పక్కపక్కనే నిలబెట్టండి. ఎత్తులో తేడా కంటికే కనిపిస్తుంది. ఒక్కటి హద్దు కంటే పొట్టిదైనా అన్నీ మార్చాలి.

ఎక్కువమంది వదిలేసేది బాస్కెట్‌ను. క్లచ్ ప్లేట్ చెవులు బాస్కెట్ వేళ్లను రోజూ కొట్టి కొట్టి, ఒక్కో ప్లేట్ ఉన్నచోట గాటు చేస్తాయి. వేలి గోరు అడ్డంగా పోనిస్తే మెట్లు మెట్లుగా తగులుతాయి. లివర్ నొక్కినప్పుడు ప్లేట్లు ఆ గాట్లలో ఇరుక్కుని జరగవు. కొత్త ప్లేట్లు వేసినా న్యూట్రల్ దొరకడం లేదంటే చాలాసార్లు దొంగ ఇక్కడే ఉంటుంది. గాట్లు తేలికగా ఉంటే సన్నటి చదును ఆకురాయితో అన్ని వేళ్లనూ సమానంగా రాయొచ్చు. అర మిల్లీమీటరు దాటితే బాస్కెట్ మార్చడమే మేలు, ఎందుకంటే అంత రాస్తే వేళ్లు పలచబడి ప్లేట్లకు సందు ఎక్కువై, టకటకమని కొట్టుకుంటాయి. బాస్కెట్‌ను దాని గేర్‌తో పట్టి అటూ ఇటూ తిప్పి చూడండి. వెనక రివెట్లు గానీ డ్యాంపర్ స్ప్రింగులు గానీ వదులైతే అక్కడ ఆడుతుంది. ఆకురాయి పని బాస్కెట్‌ను బయటికి తీసే చేయాలి, ఆ పొడి ఇంజిన్‌లో పడకూడదు.

తిరిగి బిగించడం

కొత్త క్లచ్ ప్లేట్లను బండిలో పోయబోయే ఆయిల్‌లోనే నానబెట్టండి. కనీసం గంట రెండు గంటలు, వీలైతే రాత్రంతా. పొడిగా వేస్తే మొదట్లోనే ముఖం మాడిపోవచ్చు.

సాధారణంగా వరుసలో మొదటిదీ చివరిదీ క్లచ్ ప్లేట్లే, మధ్యలో స్టీల్ ప్లేట్లు. కొన్నింటిలో అన్నిటికంటే బయటి ప్లేట్ చెవులు పక్కనున్న పొట్టి గాడుల్లోకి పోవాలి. కొన్నింటిలో అడుగున అదురును ఆపే పుటాకారపు జడ్డర్ స్ప్రింగ్, దాని సీటు ఉంటాయి, వీటి ముఖం తిరగబడితే అదురు ఖాయం. స్టీల్ ప్లేట్‌కు ఒక అంచు గుండ్రంగా, ఒక అంచు పదునుగా ఉంటుంది. అన్నీ ఒకే వైపుకు చూడాలి.

హబ్ నట్టు కింది మడత వాషర్‌ను కొత్తది వేయండి. పుటాకారపు వాషర్ అయితే బయటివైపు గుర్తు కనిపించేలా పెట్టాలి. ఈ నట్టు టార్క్ బండిని బట్టి ఎంతో మారుతుంది, అంచనాతో బిగించకండి. స్ప్రింగ్ బోల్టులు మాత్రం చాలావాటిలో 8 నుంచి 12 న్యూటన్ మీటర్లే. మణికట్టు బలం చాలు, రెంచ్‌కు పైపు తొడిగితే స్తంభం ఊడి వస్తుంది. ప్రెషర్ ప్లేట్ మీదా హబ్ మీదా గుర్తులు ఉంటే కలిపి పెట్టి, ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించండి. కవర్ మూయకముందే కేబుల్ లాగే రిలీజ్ ఆర్మ్‌ను చేత్తో కదిపి, ప్రెషర్ ప్లేట్ నాలుగు పక్కలా సమానంగా లేస్తోందో లేదో చూడండి. ఆర్మ్ కవర్‌లోనే ఉండే బండ్లలో ఈ పరీక్ష కవర్ మూశాకే కుదురుతుంది. వాటిలో రాడ్ పళ్లు ఆర్మ్ పళ్లవైపు తిరిగి ఉండేలా చూసి కవర్ తొడగాలి.

గాస్కెట్ ముఖాలు ప్లాస్టిక్ స్క్రేపర్‌తో శుభ్రం చేసి, డోవెల్ పిన్నులు పెట్టి, గాస్కెట్‌ను పొడిగానే వేయండి. సిలికాన్ గమ్ము పిండితే లోపలికి ఉబ్బిన ముక్కలు ఊడి ఆయిల్ జాలీకి అడ్డం పడతాయి.

బలం పెంచాలనుకుంటే

ఇంజిన్ శక్తి పెంచని బండికి, పాత క్లచ్‌ను కొత్త కొలతలకు తెస్తే చాలు. అంతకంటే పెద్ద అప్‌గ్రేడ్ అవసరం లేదని మా గట్టి అభిప్రాయం. లెక్క వేసి చూస్తే ఎందుకో తెలుస్తుంది. క్లచ్ మోయగల టార్క్ (తిప్పే బలం) నాలుగింటి గుణకారం: రాపిడి గుణకం, రాపిడి ముఖాల సంఖ్య, స్ప్రింగుల మొత్తం ఒత్తిడి, ప్లేట్ సగటు వ్యాసార్థం.

ఉదాహరణకు 5 ప్లేట్లు, అంటే 10 ముఖాలు. 4 స్ప్రింగులు, ఒక్కోటి 200 న్యూటన్లు, మొత్తం 800. వ్యాసార్థం 50 మి.మీ., రాపిడి గుణకం 0.12 అనుకుంటే క్లచ్ 48 న్యూటన్ మీటర్లు మోస్తుంది. ఇంజిన్ టార్క్ 12 ఉండి, ఇంజిన్ నుంచి క్లచ్‌కు తిప్పుడు అందించే ప్రైమరీ గేర్ నిష్పత్తి 3.3 అయితే క్లచ్‌కు చేరేది దాదాపు 40. అంటే 20 శాతం మిగులు. ఇప్పుడు ప్రతి ప్లేట్ 0.2 మి.మీ. అరిగిందనుకోండి. మొత్తం కట్ట 1 మి.మీ. పలచబడి, స్ప్రింగులు అంత సాగుతాయి. మి.మీ.కు 20 న్యూటన్ల స్ప్రింగ్ అయితే ఒక్కోదాని ఒత్తిడి 180కి పడి, క్లచ్ బలం 43కి దిగుతుంది. ఇంకా జారదు. దానిలో తప్పుడు ఆయిల్ పోసి గుణకం 0.10కి తగ్గితే 36. ఇంజిన్ ఇచ్చే 40 కంటే తక్కువ, ఇక జారక మానదు.

ఇదే లెక్కలో కొత్త ప్లేట్లకు 15 శాతం గట్టి స్ప్రింగులు వేస్తే 55 వస్తుంది, కానీ లివర్ కూడా 15 శాతం బరువెక్కుతుంది. కేబుల్, రిలీజ్ బేరింగ్ త్వరగా అరుగుతాయి. పలచటి స్టీల్ ప్లేట్లతో ఆరో క్లచ్ ప్లేట్ ఇమిడ్చే కిట్ మీ ఇంజిన్‌కు దొరికితే 12 ముఖాలతో దాదాపు 58 వస్తుంది, లివర్ బరువు మారదు. మా ఓటు దానికే. ప్రెషర్ ప్లేట్ లేచే దూరం 1.5 మి.మీ. అనుకుంటే, ఇంతకుముందు ఒక్కో ముఖానికి 0.15 మి.మీ. సందు వచ్చేది ఇప్పుడు 0.125 వస్తుంది. కాబట్టి లివర్ ప్లే పెద్దగా వదలకుండా, బాస్కెట్ నున్నగా ఉండేలా చూసుకోవాలి, లేకపోతే క్లచ్ సరిగా వదలదు.

స్ప్రింగుల కింద వాషర్లు వేసి బలం పెంచే పద్ధతి చౌకే గానీ ముందు కొలవాలి. తీగ మందాన్ని మొత్తం చుట్ల సంఖ్యతో గుణిస్తే స్ప్రింగ్ పూర్తిగా అణిగినప్పటి పొడవు వస్తుంది. 2.5 మి.మీ. తీగ, 8 చుట్లు అయితే 20 మి.మీ. బిగించాక స్ప్రింగ్ పొడవు 24 ఉండి, లేచే దూరం 1.5 అయితే అది 22.5కు అణుగుతుంది, ఇంకా 2.5 మిగిలి ఉంటుంది. 1 మి.మీ. వాషర్ వేస్తే 1.5 మిగులుతుంది, పరవాలేదు. 2 మి.మీ. వేస్తే అర మిల్లీమీటరే. ఆ అంచు దాటితే చుట్లు ఒకదానికొకటి తగిలి లివర్ కదలకుండా ఆగిపోతుంది.

ప్లేట్ల పదార్థంలో రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ రకమే సాఫీగా ఉంటుంది. లోహపు పొడి అద్దినవి వేడి బాగా తట్టుకుంటాయి కానీ దబుక్కున పట్టుకుంటాయి, స్టీల్ ప్లేట్లను త్వరగా తినేస్తాయి. పొడవాటి రిలీజ్ ఆర్మ్ వేస్తే లివర్ తేలికవుతుంది, కానీ ఎంత శాతం తేలికైతే ప్రెషర్ ప్లేట్ లేచే దూరం కూడా దాదాపు అంత తగ్గుతుంది. అసిస్ట్, స్లిప్పర్ క్లచ్‌లో హబ్‌లోని ఏటవాలు మెట్లే ఇంజిన్ లాగుతున్నప్పుడు ప్లేట్లను అదనంగా నొక్కుతాయి, గేర్లు తగ్గించినప్పుడు వదులు చేస్తాయి. దాన్ని మొత్తం సెట్‌గానే వేయాలి, అందులో గట్టి స్ప్రింగులు వేస్తే వదిలే గుణం పోతుంది.

ఆయిల్ పోశాక

కొలత ప్రకారం ఆయిల్ పోసి, ఇంజిన్ ఆన్ చేయకముందే గేరు వేసి లివర్ నొక్కుతూ బండిని ముందుకూ వెనక్కూ తోయండి. క్లచ్ వదులుతోందని నిర్ధారించుకున్నాకే స్టార్ట్ చేయండి. రెండు మూడు నిమిషాలు వేడెక్కాక గాస్కెట్ అంచు చుట్టూ వేలితో తడిమి, తడి ఉంటే ఆ పక్క బోల్టులు చూడండి. మొదటి 100, 200 కిలోమీటర్లు హాఫ్ క్లచ్‌లో నడపడం, దూకుడుగా లాగడం మానండి. కొత్త రాపిడి పొర సర్దుకుంటూ, కొత్త కేబుల్ సాగుతూ ఉండటం వల్ల లివర్ ప్లే ఈ దూరంలోనే మారుతుంది. మొదటి రోజు సాయంత్రం, తర్వాత 200 కిలోమీటర్ల దగ్గర, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ప్లే కొలిచి కింది అడ్జస్టర్‌తో మళ్లీ సర్దండి.